పెద్ద పటముల ప్రింటరు – యజమాని తృప్తి



నేటి నా ప్రసంగ విషయము కొంచెము క్రొత్తది. ఛాయాచిత్రములను గోడపటములంత పెద్దవిగా ముద్రించు ఇంక్‌జెట్ ప్రింటరులు ఇప్పుడు మన పట్టణములకు వచ్చియున్నవి. వానిని కొన్నవారు తృప్తి నొందుచున్నారా, లేదా అనునది విచారించుట నా ఉద్దేశము. ఇది స్టూడియోవారి ముచ్చట గదా, పల్లెలలోని పెద్దలకు దీనితో నేమి పని యని మీరు శంకింపవచ్చును. రెండు కారణములచేత పని కలదని నా మనవి. ఇట్టి యంత్రము కొనవలెనని ఉబలాటపడు యువకుడు అప్పునకై పోవునపుడు హామీ సంతకము పెట్టువారు మీరు. తాకట్టునకు పోవు పొలము మీది. ఇది మొదటి కారణము. ఆ యంత్రమునుండి వెలువడు పటములలో పెక్కు మీ యిండ్ల గోడలకే ఎక్కును. గతించిన మీ తల్లిదండ్రుల రూపములు ఇకమీదట ఆ సిరాలోనే నిలువవలసియున్నవి. ఇది రెండవ కారణము.

నేను బడిలో పిల్లలకు తెలుగు చెప్పి, విశ్రాంతి గైకొని, కృష్ణ కుడిగట్టున విజయపురి సౌత్‌లో నివసించుచున్నవాడను. యంత్రశాస్త్రము నేను చదువుకొన్న చదువు కాదు. అయినను నాయొద్ద అక్షరములు దిద్దినవారిలో కొందరు ఈ వృత్తిలో స్థిరపడిరి. వారి దుకాణములలో కూర్చుండి చూచినదియు, వారి నడిగి తెలిసికొన్నదియు, పుస్తకములవలన గ్రహించినదియు మీ ముందుంచెదను.

ముందుగా ఆ యంత్రము ఎట్టిదో చెప్పెదను. పూర్వపు అచ్చుయంత్రములో సిరా పూసిన దిమ్మె కాగితమును ఒత్తును. ఇందులో ఒత్తుట యనునది లేదు. హెడ్డు అను భాగమొకటి కాగితమునకు తాకీ తాకనంత ఎత్తున ఇటునటు పరుగిడుచు, కంటికి కానరాని రంధ్రములనుండి సిరాను బిందువులుగా చిమ్మును. ఒక్కొక్క బిందువు సుమారు 4 పికోలీటర్లు. ఆ కొలత మనకు అలవాటు లేనిది గనుక ఇట్లు ఊహింపుడు. రెండు మిల్లీమీటర్ల అడ్డుకొలత గల వానచినుకు నొకదానిని పది లక్షల పాళ్లు చేసినచో ఒక పాలు ఎంతయో, ఈ బిందువు అంత. ఇంటిలో వాడు చిన్న ప్రింటరులలో సాధారణముగా నాలుగు రంగుల సిరా యుండును. పెద్ద పటముల యంత్రములలో ఎనిమిది మొదలు పండ్రెండు వరకు సిరాలుండును. చర్మపు ఛాయ, పట్టుచీర జరీ, తెల్లని పంచె మడతలోని నీడ యథాతథముగా కనబడుట అందువలననే. కాగితము చాపవలె చుట్టగా వచ్చును, దానిని రోలందురు. యంత్రము వెడల్పును బట్టి 24 అంగుళముల పటము గాని, 44 అంగుళముల పటము గాని, అంతకు మించినది గాని తీయవచ్చును.

ఈ విద్య పుట్టిన విధము వినదగినది. స్వీడను దేశమున రూనె ఎల్మ్‌క్విస్ట్ అను వైద్యవిజ్ఞాని గుండె కొట్టుకొను తీరును కాగితముపై గీయుటకు సన్నని సిరాధారను వాడి, ఆ యుక్తికి 1951లో పేటెంటు పొందెను. మనుష్యదేహములో అమర్చిన మొదటి పేస్‌మేకరును 1958లో రూపొందించినవాడును అతడే. పిమ్మట 1977లో జపాను దేశపు కానన్ కంపెనీలో ఇచిరో ఎండో అను పరిశోధకుని బల్లపై, మాట్లు వేయు కాగిన ఇనుము సిరా నిండిన సూదికి తగులగా సిరా చివ్వున చిమ్మెనట. వేడిచే బుడగ లేచి సిరాను త్రోయునని దానివలన తెలిసెను. కొలది కాలములోనే అమెరికాలోని హ్యూలెట్ పాకర్డ్ వారును ఇట్టి మార్గమునే కనిపెట్టి, 1984లో థింక్‌జెట్ అను చిన్న ప్రింటరును అంగడికి తెచ్చిరి. ఎప్సన్ కంపెనీవారు వేరు త్రోవ పట్టిరి. విద్యుత్తు సోకినంతనే వంగు పలుకలను సిరా గదులకు అమర్చి, ఆ వంపుతో బిందువును వెడలగొట్టుట వారి పద్ధతి.

ఈ భేదము కొనువానికి ముఖ్యము. వేడిచే సిరాను చిమ్ము హెడ్డు నాగటి కఱ్ఱు వంటిది. అది అరుగును, అరిగినపుడు యజమాని తానే డబ్బు పెట్టి క్రొత్తది తెచ్చి బిగించుకొనును. వంగు పలుకల హెడ్డు బండి యిరుసు వంటిది. అది చాలకాలము నిలుచును. కాని చెడినపుడు బండి అంతయు ఆగును, మెకానిక్కు రావలయును, వ్యయము భారీగా నుండును. ఏది మంచిదని నన్నడిగిన, కఱ్ఱు మంచిదా ఇరుసు మంచిదా యని అడిగినట్లే. తనకు ఏ చిక్కు ఓర్చుకొనదగినదో ఎఱిగి కొన్నవాడు బాధపడడు.

ఇక్కడ ఒక మాట వేరుచేసి చెప్పవలెను. తిరునాళ్లలోను, ఊరి కూడలిలోను కట్టు ఫ్లెక్సులు కూడ సిరా చిమ్ము యంత్రములనుండి వచ్చునవే. కాని వాని సిరా వేరు, గుడ్డ వేరు, పని వేరు. అవి నాలుగు దినములకు కట్టునవి. నేను చెప్పుచున్నది తరములు నిలువదగిన ఛాయాచిత్రమును గూర్చి. అయినను ఫ్లెక్సువారి అనుభవమున ఒక పాఠమున్నది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సులను నిషేధింతుమని ప్రకటించినపుడు, అప్పుచేసి యంత్రములు కొన్నవారు దిగులొంది గడువు వేడుకొనిరి. గడువు 2023 జనవరి 26 వరకు పొడిగింపబడెను. ఒక్క యంత్రమును నమ్మి బ్రదుకు కట్టుకొన్నవానికి ఒక్క ఉత్తరువుతో నిద్ర పట్టకపోవుట ఎట్లుండునో అప్పుడు తెలిసినది.

ఇక తృప్తిని గూర్చి. ఏ వస్తువు విషయమునను మొదటినాటి తృప్తి వేరు, మూడవ యేటి తృప్తి వేరు. క్రొత్తగా కొన్న ఎద్దుల జతను చూచి ఇంటిల్లిపాదియు మురియుదురు. మూడు పంటలు తీసిన పిమ్మట యజమాని చెప్పు మాటయే ఆ ఎద్దులకు నిజమైన వెల. ఈ ప్రింటరుల విషయమునను అంతియే. మొదటి పటము మెల్లమెల్లగా కాగితముపై అవతరించుట చూచి సంతసింపనివాడు నాకు కనబడలేదు. మూడవ యేట నేను అడిగినపుడు మాత్రము సమాధానములు భిన్నములైనవి.

నా పూర్వవిద్యార్థు లిద్దరి సంగతి చెప్పెదను. పేర్లు, ఊళ్లు చెప్పను. మొదటివాడు చేయి తిరిగిన ఫొటోగ్రాఫరు. పెండ్లిండ్ల కాలములో చేతినిండ పని యుండుట చూచి, ఇల్లు తాకట్టుపెట్టి 44 అంగుళముల యంత్రము క్రొత్తది కొనెను. మాఘ ఫాల్గుణములు, వైశాఖ జ్యేష్ఠములు సంబరముగా గడచెను. ఆషాఢము వచ్చెను. పెండ్లిండ్లు లేవు, పటములు లేవు. యంత్రముపై గుడ్డ కప్పి తలుపు మూసెను. శ్రావణమున తలుపు తెఱచి చూచునప్పటికి రంధ్రములలో సిరా ఎండి గడ్డకట్టెను. ముద్రించిన ప్రతి పటమునను తెల్లని గీతలు. వానిని తొలగించుటకు క్లీనింగు అను పని యొకటి గలదు. యంత్రము తన సిరాను తానే రంధ్రములగుండ పీల్చి అడుగున ఒక తొట్టిలోనికి పాఱబోయును. ఒకసారి చాలక రెండుసార్లు, రెండు చాలక పలుసార్లు చేసెను. కొన్న సిరాలో పెద్ద పాలు పటములకు పోక తొట్టిలోనికి పోయెను. తుదకు దూరమునుండి మెకానిక్కు రావలసివచ్చెను. అతడు వచ్చుటకు పదునైదు దినములు పట్టెను. అవి శ్రావణమాసపు పెండ్లిండ్ల దినములు. ఆ కుఱ్ఱడు పనిలో నేర్పరియే, యంత్రమును మంచిదే. అయినను అతనికి తృప్తి లేదు.

రెండవవాడు అంత నేర్పరి కాడు గాని లెక్క యెఱిగినవాడు. మూడేండ్లపాటు తనకు వచ్చిన పెద్ద పటముల పనిని పట్టణమునకు పంపించుచు, నెలకెన్ని పంపెనో, ఎంత యిచ్చెనో, ఎంత పుచ్చుకొనెనో చిట్టాలో వ్రాసికొనెను. ఆ చిట్టాయే తనకు యంత్రము కొనదగినదని చెప్పిన పిమ్మట, ఒకచోట వాడినది 24 అంగుళముల యంత్రమును, దాని హెడ్డు పరీక్షించి, కొనెను. ప్రతి ఉదయము దీపము వెలిగించినట్లే నాజిల్ చెక్ అను చిన్న పరీక్షగీతలు తీయును. పుష్యమాసమునను, భాద్రపదమునను పని లేకున్నను వారమున కొకటి రెండు రంగుల పటములు తీయును. తన బిడ్డల పటములో, దేవాలయపు పటములో తీసి ఎవరికైన నిచ్చును. అది వృథా కాదా యని నేనడిగితిని. "అయ్యవారూ, దున్నని దినమున ఎద్దునకు మేత మానుదుమా?" అనెను. నాలుగేండ్లు గడచినవి, అతడు తృప్తుడై యున్నాడు.

ఈ ఇద్దరి భేదము యంత్రములో లేదు. ఈ జాతి యంత్రమునకు విశ్రాంతియే రోగము. మన పల్నాటి సీమలో ఆ రోగము ముదురుటకు వలసిన పథ్యమంతయు నున్నది. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు పొడియెండ సిరాను త్వరగా ఎండించును. మనది సున్నపురాతి నేల. నాపరాళ్ల కోతవలన, సున్నపు బట్టీలవలన లేచు ధూళి గాలిలో నుండును. వెండ్రుకకంటె సన్నని రంధ్రమునకు అట్టి ధూళి పరమశత్రువు. పటము సగము తీయునపుడు కరెంటు పోయినచో ఆ కాగితమును సిరాయును దండుగ. హెడ్డు తన మూతపై కూర్చుండక నడుమ నిలిచిపోయినచో రంధ్రములకు కీడు. కావున ఈ యంత్రమునకు మూసిన గది, తగు చల్లదనము, నిలువయుండు కరెంటు వలయును. ఈ వ్యయములు వెల చెప్పునపుడు అంగడివాడు చెప్పడు.

కొన్నవానికి శ్రమ యనునది మన దేశమునకే ప్రత్యేకము కాదు. ఛాయాచిత్రములను ఈ విధముగా ముద్రించుటకు పెద్ద యంత్రము కొన్న తొలివారిలో ఒకడు గ్రాహం నాష్. పాశ్చాత్య సంగీతములో పేరుపొందిన గాయకుడు, ఛాయాచిత్రప్రియుడు. ఆయన 1,26,000 డాలర్లు వెచ్చించి ఐరిస్ అను యంత్రము కొని, 1991లో కాలిఫోర్నియాలోని మన్హాటన్ బీచ్‌లో నాష్ ఎడిషన్స్ అను ముద్రణశాల నెలకొల్పెను. ఆ యంత్రము కళాచిత్రములకై చేసినది కాదు. అచ్చువారు రంగు సరిచూచుకొనుటకు నమూనాలు తీసెడిది. నమూనా నాలుగు దినములు నిలిచిన చాలును గనుక దాని సిరా త్వరగా వెలిసెడిది. దళసరి కాగితము దానిలో పట్టెడిది కాదు. ఆయనయు, ఆయన తోడివారును ఆ యంత్రమును తమ పనికి అనువుగా మార్చుకొని, నిలుకడగల సిరాలకై ఏండ్ల తరబడి వెదకిరి. ఆ యంత్రము పిమ్మట వాషింగ్టను నగరములోని స్మిత్‌సోనియన్ వస్తుప్రదర్శనశాలకు చేరెను. కోటీశ్వరునికైనను తృప్తి యంత్రముతోపాటు పెట్టెలో రాలేదని దీనిసారాంశము.

ఇక హామీ సంతకము పెట్టువారికి పనికివచ్చు లెక్క యొకటి చెప్పెదను. ఈ అంకెలు ఉదాహరణమునకు నేను కల్పించుకొన్నవి. మీ యంగడి వెలను బట్టి మార్చుకొనుడు. యంత్రము మూడు లక్షల రూపాయలనుకొందము. అయిదేండ్లు పనిచేయుననుకొందము. అరువది నెలలకు పంచినచో నెలకు 5,000 రూపాయలు అసలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో తొలినెలలలో 6,000 రూపాయలు వడ్డీ. వెరసి 11,000 రూపాయలు. ఒక్క బొట్టు సిరా చిమ్మకమునుపే నెలకు ఇంత భారము పడినది. నెలకు 22 పెద్ద పటములు తీసినచో ఒక్కొక్క పటముపై 500 రూపాయలు ఈ భారమే. నెలకు 110 తీసినచో పటమునకు 100 రూపాయలు మాత్రమే. దీనిపై సిరా, కాగితము, కరెంటు, చెడిపోయిన పటములు, క్లీనింగులో పోయిన సిరా. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు గల పటమునకు ఆఱు మొదలు పది మిల్లీలీటర్ల వరకు సిరా పట్టును. అది చూచుటకు ఉగ్గుగిన్నెడు కూడ కాదు. అయినను ఈ సిరా చాల ప్రియమైనది. అంగడిలో యంత్రపు వెల నడిగి బేరమాడువారు పెక్కండ్రు. సిరా వెల నడిగి లెక్కవేయువారు కొందరే. తృప్తి పొందినవారందరును ఆ కొందరిలోనివారే.

కావున యువకుని మీరడుగవలసిన మొదటి ప్రశ్న "యంత్రమెంత?" అనునది కాదు. "గడచిన ఏడాది నీకు నెల కెన్ని పెద్ద పటముల పని వచ్చినది? చిట్టా చూపుము" అనునది. చిట్టా లేనిచో సంతకము పెట్టక, ఒక యేడు చిట్టా వ్రాయుమని చెప్పి పంపుడు. అది నిరాకరించుట కాదు, రక్షించుట. చేతిలో సెల్‌ఫోను లేనివాడు లేని ఈ కాలమున ఛాయాచిత్రములు తీయుట పెరిగినది గాని, తీసిన చిత్రములలో కాగితమునకు ఎక్కునవి బహు తక్కువ. తీయువారి సంఖ్యను చూచి ముద్రించువారి సంఖ్యను ఊహింపరాదు.

ఇంతవరకు కొన్నవాని లాభనష్టములు చెప్పితిని. ఇక రెండవ కారణమునకు వచ్చెదను. యజమాని తృప్తి గల్లా పెట్టెతో ముగియదు. తాను చేసి యిచ్చిన పటము పదియేండ్ల పిమ్మట ఆ యింటి గోడపై ఎట్లున్నది? దానిని చూచి తలయెత్తుకొని ఆ గడప దాటగలడా?

సిరాలు ముఖ్యముగా రెండు విధములు. ఒకటి డై. బెల్లము నీటిలో కరిగినట్లు రంగు అందులో కరిగి యుండును. అది కాంతిమంతముగా నుండును. కాని వెలుతురునకును, గాలికిని లొంగును. రెండవది పిగ్మెంటు. సున్నము నీటిలో కలిపినపుడు రేణువులు రేణువులుగా నుండునట్లు, అందులో రంగు మిక్కిలి సూక్ష్మరేణువులుగా నుండును. అది కాగితముపై పట్టి చిరకాలము నిలుచును. 2000వ సంవత్సరమున అమెరికాలో ఒక పేరుగల కంపెనీ క్రొత్త ప్రింటరులు కొన్నవారిలో కొందరు, తాము తీసిన పటములు కొలది వారములలోనే నారింజవన్నెకు తిరిగినవని మొఱపెట్టిరి. గాలిలో నుండు ఓజోను అను వాయువు డై సిరాను తినివేయుటయే దానికి కారణమని తేలినది. కంపెనీల మాట యటుంచి, ఇట్టి విషయములను పరీక్షించుటకే జీవితమును వినియోగించినవాడు అమెరికాలోని హెన్రీ విల్‌హెల్మ్. రంగు ఛాయాచిత్రముల నిలుకడను గూర్చి 1993లో పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆయన ముద్రిత పటములను తీవ్రమైన దీపకాంతిలో నుంచి, ఎంతలో ఎంత వెలిసెనో కొలిచి, ఇంటిలో ఎన్నేండ్లు నిలుచునో అంచనా కట్టును. మంచి కాగితముపై కొన్ని పిగ్మెంటు సిరాలు అద్దము వెనుక నూరేండ్లకు మించి నిలుచునని ఆ పరీక్షలవలన తెలియుచున్నది. అది అంచనా గాని అనుభవము కాదు. ఈ విద్యకే ఇంకను నూరేండ్లు నిండలేదు. అయినను కన్ను మూసికొని కొనుటకంటె అంచనా నెఱిగి కొనుట మేలు.

విజయపురివారికి ఈ విషయము ఇతరులకంటె ఎక్కువ తగులును. ఇక్ష్వాకుల రాజధానియైన ప్రాచీన విజయపురి మన కన్నుల ఎదుట జలాశయము క్రింద నున్నది. 1926లో సూరపరాజు వేంకటరామయ్య యను స్థానిక ఉపాధ్యాయుడు నాగార్జునకొండ లోయలో ఒక ప్రాచీన స్తంభమును గుర్తించి ప్రభుత్వమునకు తెలియజేసెను. దానివలననే మద్రాసునుండి సరస్వతిగారు వచ్చి చూచుటయు, 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు దొర త్రవ్వకములు జరిపించుటయు తటస్థించినవి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ సాగరు ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. లోయ మునుగబోవుచున్నదని యెఱిగి, 1954 మొదలు 1960 వరకు సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున లోయ యంతయు త్రవ్వి శోధించిరి. కొన్ని కట్టడములను కొండపైకిని, అనుపునకును తరలించి మరల కట్టిరి. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలబడెను. ఆ నీటితో పల్నాడు పండినది. దానిని కాదనువాడు కృతఘ్నుడు. కాని ఆ స్తూపము ఏ మిట్టపై నుండెనో, ఆ రంగస్థలము ఏ కొండవాలున నుండెనో, ఆ చోటుననే చూడవలెనన్న నేడు మనకు మిగిలినవి గీసిన పటములు, తీసిన ఛాయాచిత్రములు. అవి ఇంకను నిలిచియున్నవి. ఎందుకన తీసినవారు నిలుకడ నెఱిగి తీసిరి.

రాజుల నగరమువలెనే రైతుల ఊళ్లును మునిగినవి. ఆ యూళ్ల కుటుంబములలో కొన్నింటికి తాతముత్తాతల యింటి గుర్తుగా ఒకటి రెండు నలుపు తెలుపు ఛాయాచిత్రములు మాత్రమే యున్నవి. నేనెఱిగిన ఒక కుటుంబమువారు అట్టి దానిని, మూల చిరిగియున్నదని, పెద్దది చేయించి రంగులు దిద్దించిరి. క్రొత్త పటము చూడ ముచ్చటగా నుండెను. పాతది యింక నేల యని కృష్ణలో కలిపివేసిరి. క్రొత్తదానిని కిటికీకి ఎదురుగా ఎండ పడుచోట వ్రేలాడదీసిరి. రెండు వేసవులలో అవ్వగారి మొగము వెలిసి నీడవలె మిగిలెను. పటము చేసినవాడు ఏ సిరాయో చెప్పలేదు; వీరు అడుగలేదు. ఇప్పుడు ఆ అవ్వ రూపము ఎఱిగినవారు ఇంటిలో ఒక్క ముసలాయన. ఆయన తరువాత ఆ రూపము లేదు.

ఇట్టిది మఱియొక యింట జరుగకుండుటకు నాలుగు జాగ్రత్తలు చెప్పెదను. పాత ఛాయాచిత్రమును ఎన్నడును పాఱవేయకుడు. శ్రద్ధగా కడిగి తీసిన పూర్వపు నలుపు తెలుపు చిత్రము వెండిరేణువులతో నేర్పడినది. అది వెనుకటి రంగు ఫొటోలకంటె మన్నికైనది. దానిని స్కాను చేయించి, ఆ నకలును రెండు మూడు చోట్ల భద్రపఱచి, అసలును పొడిచోట కాగితములో చుట్టి దాచుడు. రెండవది, పెద్దది చేయించునపుడు "పిగ్మెంటు సిరాయా, డై సిరాయా? కాగితమేది?" అని అడుగుడు. చెప్పగలిగినవానికే పని యిండు. నాలుగు రూపాయలు ఎక్కువైనను యిండు. మూడవది, పటమునకు అద్దము కట్టించి, ఎండ సోకని గోడకు, వంటింటి పొగకు దూరముగా వ్రేలాడదీయుడు. నాలుగవది, గంధము, కుంకుమ పెట్టునపుడు అద్దముపై పెట్టుడు గాని కాగితముపై పెట్టకుడు. అగరువత్తిని పటమునకు ఆనించి గ్రుచ్చకుడు. భక్తికి లోపము రాదు, పటమునకు మేలు కలుగును.

మీరిట్లు అడుగ మొదలిడినచో దాని ఫలము అంగడివానికిని అందును. అడుగువాడు లేనిచో చవుక సిరా వాడువాడే గెలుచును. మంచి సిరా వాడువాడు ఎక్కువ వెల చెప్పలేక యంత్రమును అమ్ముకొనును. అడుగువాడు కలిగినచో నాణ్యమునకు వెల వచ్చును. కొన్నవాని తృప్తి సగము కొనుగోలుదారు చేతిలో నున్నదని నేననుట యిందుకే.

మఱి మా విజయపురి వంటి చిన్న చోట ఇట్టి యంత్రము కొనదగునా? నా అభిప్రాయము చెప్పెదను. ఒక్కొక్క స్టూడియోవాడును ఒక్కొక్కటి కొనుట తగదు. అన్నియు ఆషాఢమున ఎండును. పని తక్కువగా నున్నంత కాలము చిన్న యంత్రముతో చిన్న పటములు తాను తీయుచు, పెద్దవానిని పట్టణమునకు పంపుట సిగ్గుపడవలసినది కాదు. నలుగురైదుగురు కూడి, చిట్టాలు ఒకచోట చేర్చి, ఒక్క మంచి యంత్రమును, ఒక్క మంచి గదిని ఏర్పఱచుకొన్నచో దానికి విశ్రాంతి యుండదు గనుక రోగము నుండదు. పూర్వము ఊరికి ఒక గానుగ, ఒక కొలిమి ఉండెడివి. ప్రతి యింటికి గానుగ లేదని ఎవరును చిన్నబుచ్చుకొనలేదు. పొత్తులో తగవులు వచ్చునందురు. వచ్చును, దానికే పెద్దలున్నారు. ఎవని పని ఎన్నడు, సిరా ఖర్చు ఎవనిది, క్లీనింగు భారము ఎట్లు పంచుకొనవలెను అనునవి ముందే కాగితముపై వ్రాయించి, మీ యెదుట సంతకములు చేయించుడు. హామీ సంతకముకంటె ఆ సంతకము మేలు.

పొలము పోకుండ బ్రదుకుతెరువు కలుగవలెను. రూపు చెడకుండ పెద్దలు గోడపై నిలువవలెను. ఈ రెండును నెరవేరిననాడు కొన్నవాడును, చేయించుకొన్నవాడును తృప్తు లగుదురు. మీ యూరి కుఱ్ఱడు ఈ పనికై మీయొద్దకు వచ్చినపుడు ముందు చిట్టా అడుగుడు, పిమ్మట సిరా అడుగుడు, తుదకు మనసార ఆశీర్వదింపుడు.